వంటింటి పదార్థాలు, పెద్దపేగు క్యాన్సర్ కణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పసుపు, ఆవాలు, గ్రీన్ టీ, దానిమ్మ వంటి ఆహార పదార్థాల్లోని సహజ రసాయనాలు పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద ఎలా పనిచేస్తాయన్నదానిపై దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. ఆ ఫలితాలు ప్రయోగశాల దాటి మన ఫోన్లలోకి వచ్చేసరికి వాటి రూపం చాలా మారిపోతోంది. రోగులూ, వారి కుటుంబ సభ్యులూ, ముందుజాగ్రత్త కోరుకునేవారూ తరచుగా అడిగే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. వీటిని చదివి ఎవరూ చికిత్సను మార్చుకోకూడదు, మానుకోకూడదు.

పసుపులోని కర్క్యుమిన్ పెద్దపేగు క్యాన్సర్ కణాలను చంపుతుందని వార్తలు వస్తుంటాయి. అవి నిజమేనా?

ప్రయోగశాలలో చంపుతుందన్న మాట నిజమే. అయితే ఆ ప్రయోగం ఎలా జరుగుతుందో తెలిస్తేగాని ఆ మాట విలువెంతో అర్థం కాదు. ఈ పరిశోధనల్లో ఎక్కువగా వాడే హెచ్‌టీ-29 అనే కణాలను 1964లో 44 ఏళ్ల ఒక మహిళ పెద్దపేగు కణితి నుంచి తీశారు. కాకో-2 అనే మరో రకం 72 ఏళ్ల ఒక పురుషుడి కణితి నుంచి వచ్చింది. ఆ కణాల సంతతినే ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో ఇప్పటికీ పెంచుతున్నారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్లెంలో 96 చిన్న గుంటలుంటాయి. ఒక్కో గుంటలో కొన్ని వేల కణాలను వేసి, వాటి మీద కర్క్యుమిన్‌ను వేర్వేరు గాఢతల్లో పోసి, ఒకటి నుంచి మూడు రోజుల పాటు ఉంచుతారు. తర్వాత ఎంటీటీ అనే పసుపుపచ్చని రసాయనాన్ని కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి, చనిపోయినవి మార్చలేవు. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలుస్తుంది. సగం కణాలు మాత్రమే మిగిలే గాఢతను ఐసీ50 అంటారు. పెద్దపేగు కణాల మీద కర్క్యుమిన్‌కు ఈ విలువ చాలా ప్రయోగాల్లో పది నుంచి యాభై మైక్రోమోలార్ల (ద్రవంలో పదార్థం గాఢతను కొలిచే ప్రమాణం) మధ్య వచ్చింది.

ఆ పళ్లెంలో కాలేయం లేదు, రక్తప్రసరణ లేదు, పేగుగోడ లేదు, రోగనిరోధక వ్యవస్థ లేదు. పోసిన పదార్థం పోసినట్టే కణానికి అంటుకుని ఉంటుంది. ఆ మాటకొస్తే తగినంత ఉప్పు పోసినా, వెనిగర్ పోసినా ఆ కణాలు చస్తాయి. కాబట్టి చంపిందా లేదా అన్నదానికంటే, ఎంత గాఢతలో చంపింది, మనిషి ఒంట్లో ఆ గాఢత సాధ్యమా, అదే గాఢతలో ఆరోగ్యవంతమైన కణాల గతి ఏమైంది అనేవే అసలు ప్రశ్నలు.

కర్క్యుమిన్ విషయంలో మరో చిక్కు కూడా ఉంది. అది స్వయంగా రంగు పదార్థం, కాంతిని వెదజల్లే గుణం కలది, నీటిలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. రంగును బట్టి, కాంతిని బట్టి ఫలితం చూపే పరీక్షలను అది తప్పుదారి పట్టించగలదని 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ సమీక్షలో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు గట్టిగానే హెచ్చరించారు.

కర్క్యుమిన్ కాక ఇంకా ఏ పదార్థాలను పరీక్షిస్తున్నారు?

బ్రకోలీ నుంచి వచ్చే సల్ఫొరాఫేన్, ద్రాక్షలోనూ వేరుశనగ పొట్టులోనూ ఉండే రెస్వెరట్రాల్, గ్రీన్ టీలోని ఈజీసీజీ, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, అల్లంలోని జింజెరాల్, దానిమ్మలోని ఎల్లాజిటానిన్లు ముఖ్యమైనవి. ఇవి కణాన్ని తనంతట తాను చనిపోయే దారిలోకి నెట్టడం, వాపును పెంచే ఎన్‌ఎఫ్ కప్పా బీ, కాక్స్-2 వంటి వ్యవస్థలను తగ్గించడం, కణ విభజన చక్రాన్ని మధ్యలో ఆపడం వంటి పనులు చేస్తాయని ప్రయోగశాల ఫలితాలు చెబుతున్నాయి. దానిమ్మ సంగతి కొంచెం విచిత్రం. అందులోని ఎల్లాజిటానిన్లను మన పేగుల్లోని బ్యాక్టీరియా యూరోలిథిన్లు అనే వేరే పదార్థాలుగా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా అందరిలో ఒకేలా ఉండదు గనుక, ఒకే పండును ఇద్దరు తిన్నా వారి ఒంట్లో తయారయ్యేది ఒకటే కాదు.

తిన్న కర్క్యుమిన్ ఒంట్లో ఏమవుతుంది?

చాలా కొద్దిగా మాత్రమే రక్తంలోకి చేరుతుంది. చేరినదాన్ని కూడా పేగుగోడ, కాలేయం కలిసి వెంటనే వేరే రూపాల్లోకి మార్చి బయటకు పంపేస్తాయి. తైవాన్‌లో 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చినా రక్తంలో గరిష్ఠంగా కనిపించినది సగటున రెండు మైక్రోమోలార్ల లోపే. మిరియాల్లోని పైపెరిన్ ఈ అడ్డంకిని కొంత తొలగిస్తుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ కలిపి ఇచ్చినప్పుడు మనుషుల్లో దాని లభ్యత ఇరవై రెట్లు పెరిగిందన్న ఆ ఫలితమే నేటి పసుపు మాత్రల సీసాల మీద మిరియాల బొమ్మకు మూలం. అయితే మొదట రక్తంలోకి వచ్చేదే దాదాపు శూన్యమైనప్పుడు, ఇరవై రెట్లు పెరిగిందన్నది వినడానికి ఉన్నంత గొప్ప సంగతి కాదు.

పెద్దపేగు విషయంలో మాత్రం ఈ బలహీనతే ఒక అవకాశంగా మారుతుంది. రక్తంలోకి పోని పదార్థం పేగులోనే ముందుకు సాగి, కణితి పుట్టే పొరను నేరుగా తాకుతుంది. ఇంగ్లండ్‌లోని లెస్టర్ పరిశోధకులు శస్త్రచికిత్సకు ముందు కొందరు పెద్దపేగు క్యాన్సర్ రోగులకు రోజుకు 3.6 గ్రాముల కర్క్యుమిన్‌ను ఏడు రోజుల పాటు ఇచ్చి, తీసిన పేగు ముక్కల్లో దాన్ని కొలిచారు. 2005లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పేగు కణజాలంలో చేరిన మోతాదు, ప్రయోగశాలలో కణాల మీద ప్రభావం చూపే గాఢతకు దగ్గరగానే ఉంది. ఊపిరితిత్తులు, రొమ్ము వంటి అవయవాల కంటే పెద్దపేగు మీద ఇలాంటి పరిశోధన అర్థవంతంగా అనిపించడానికి కారణం ఇదే. ఆశకు ఇంతవరకు ఆధారం ఉంది.

అయితే రోజూ కూరలో, పప్పులో వేసే పసుపు సరిపోతుందా?

లెక్క వేసి చూద్దాం. దుగ్గిరాల పసుపైనా, నిజామాబాద్ పసుపైనా బరువులో కర్క్యుమిన్ వర్గపు పదార్థాలు ఉండేది సుమారు మూడు శాతం, రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. నలుగురు తినే పప్పులో అర చెంచా, అంటే సుమారు ఒకటిన్నర గ్రాముల పసుపు వేశామనుకుంటే, అందులో కర్క్యుమిన్ 45 మిల్లీగ్రాములు. ఒక్కొక్కరి వంతుకు వచ్చేది 11 మిల్లీగ్రాములు. లెస్టర్‌లో ఇచ్చిన 3.6 గ్రాములు దానికి మూడు వందల రెట్లకు పైమాటే. ఆ మోతాదును పసుపు రూపంలోనే తీసుకోవాలంటే రోజుకు 120 గ్రాముల పొడి తినాలి. వంటకు రంగు, రుచి, వాసన ఇవ్వడానికి పసుపు వాడటంలో తప్పేమీ లేదు, కానీ దాన్ని మందు మోతాదుగా ఊహించుకోవడం తగదు. మన దేశంలో పసుపు ఎక్కువగా తింటారు కాబట్టే ఇక్కడ పెద్దపేగు క్యాన్సర్ తక్కువన్న వాదన కూడా నిలవదు. ఆహారంలో మాంసం పాళ్లు, శరీర బరువు, జనాభా వయసు, రోగ నిర్ధారణ అందుబాటు వంటి ఎన్నో తేడాలను పక్కన పెట్టి ఒక్క పసుపుకే ఘనత ఇవ్వడానికి ఆధారం లేదు.

మనుషుల మీద జరిగిన ట్రయల్స్ ఏం చెప్పాయి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. కర్క్యుమిన్ కథలో మూడు మజిలీలు చూస్తే చాలు. పెద్దపేగులో వందలాది పాలిప్‌లు, అంటే పేగు లోపలి పొర మీద మొలిచే చిన్న గడ్డలు, పుట్టే ఎఫ్‌ఏపీ అనే వంశపారంపర్య వ్యాధి ఒకటుంది. చికిత్స లేకపోతే అది దాదాపు తప్పనిసరిగా క్యాన్సర్‌గా మారుతుంది. 2006లో ఈ వ్యాధి ఉన్న అయిదుగురికి కర్క్యుమిన్, క్వెర్సెటిన్ కలిపి సుమారు ఆరు నెలలు ఇస్తే, పాలిప్‌ల సంఖ్య 60 శాతం, పరిమాణం 50 శాతం తగ్గాయి. ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది. 2011లో అమెరికాలో పొగతాగే అలవాటున్నవారిపై చేసిన మరో అధ్యయనంలో, రోజుకు 4 గ్రాములు 30 రోజుల పాటు తీసుకున్నవారిలో పాలిప్‌లకు ముందు దశగా భావించే సూక్ష్మ మచ్చలు 40 శాతం తగ్గాయి. రోజుకు 2 గ్రాములు తీసుకున్నవారిలో తగ్గలేదు. ఈ రెండింటిలోనూ పోల్చి చూడటానికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్న జట్టు లేదు.

ఆ లోటు తీర్చే ట్రయల్ 2018లో వెలువడింది. 2006 నాటి అధ్యయనానికి నేతృత్వం వహించిన పరిశోధకురాలే దీన్నీ నిర్వహించారు. ఎఫ్‌ఏపీ ఉన్న 44 మందిని రెండు జట్లుగా లాటరీ పద్ధతిలో విడదీసి, ఒక జట్టుకు రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్, మరో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఏడాది పాటు ఇచ్చారు. ఎవరు ఏది తీసుకుంటున్నారో రోగులకూ తెలియదు, వైద్యులకూ తెలియదు. ఏడాది తర్వాత పాలిప్‌ల సంఖ్యలో గాని, పరిమాణంలో గాని రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తన మొదటి ఫలితాన్ని తానే కఠినమైన పరీక్షకు పెట్టి, వ్యతిరేకంగా వచ్చినదాన్ని దాచకుండా ప్రచురించడం శాస్త్రానికి జరిగిన మేలు. విచారమేమిటంటే, 2006 నాటి 60 శాతం ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది గాని 2018 నాటి ఫలితం తిరగడం లేదు.

గ్రీన్ టీ విషయంలో జర్మనీలో పెద్ద ట్రయల్ జరిగింది. పాలిప్‌లు తీయించుకున్నవారికి ఈజీసీజీని 150 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు మూడేళ్ల పాటు ఇచ్చారు. 2022లో వచ్చిన ఫలితాల్లో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో సుమారు 56 శాతం మందికి, గ్రీన్ టీ సారం తీసుకున్నవారిలో సుమారు 51 శాతం మందికి పాలిప్‌లు మళ్లీ వచ్చాయి. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి గణాంకాలు ఒప్పుకోలేదు. రెస్వెరట్రాల్‌ను 2010లో 20 మంది రోగులకు శస్త్రచికిత్సకు ముందు ఎనిమిది రోజులు ఇచ్చినప్పుడు కణితిలో కణ విభజన సూచిక అయిదు శాతం తగ్గింది. దాన్నిబట్టి రోగి ఆయుష్షు గురించి ఏమీ చెప్పలేము.

సహజమైనదే కదా, పనిచేయకపోయినా హాని ఏముంటుంది?

ఈ నమ్మకం ఎంత ఖరీదైనదో బీటా కెరోటిన్ నేర్పింది. క్యారట్లు, ఆకుకూరలు తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, ఫిన్లండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే పురుషుల మీద దాని మాత్రలను పరీక్షించారు. 1994లో వచ్చిన ఫలితం అందరినీ నిశ్చేష్టులను చేసింది. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది.

తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ ఫోలిక్ యాసిడ్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో తన బృందంతో కలిసి ఈ విటమిన్‌ను కృత్రిమంగా తయారు చేయించారు. పాలకూర, పప్పుల్లో దొరికే ఈ పోషకం రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు మేలు చేస్తుందేమోనని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ వర్గపు పదార్థాలను ఇచ్చి చూస్తే, వ్యాధి మరింత వేగంగా ముదిరినట్టు కనిపించింది. వేగంగా విభజన చెందే కణాలకు ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణాలు అలాంటివే. దాంతో సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమైనోప్టెరిన్‌ను అందించింది. 1948లో దానితో పిల్లల్లో వ్యాధి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. నేటి క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ ఆ వంశంలోదే. పెద్దపేగు విషయానికొస్తే, పాలిప్‌లు తీయించుకున్నవారికి రోజుకు ఒక మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన అమెరికన్ ట్రయల్ 2007లో దాని వల్ల రక్షణ లేదని తేల్చింది. ముదిరిన పాలిప్‌లు పెరిగి ఉండవచ్చన్న అనుమానాన్నీ మిగిల్చింది. ఆకుకూర వేరు, మాత్ర వేరు.

పసుపు మాత్రలు, ముఖ్యంగా పైపెరిన్ కలిపినవి, కొందరిలో కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయి. గ్రీన్ టీ సారం రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరగవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఇవి అరుదే, కానీ కీమో వల్ల కాలేయం ఇప్పటికే అలసిన మనిషి విషయంలో ఆ అరుదైన ప్రమాదాన్ని కోరి తెచ్చుకోనవసరం లేదు.

క్యాబేజీ, ఆవాల గురించి ఏమైనా చెప్పుకోదగ్గది ఉందా?

ఉంది, అది వంట పద్ధతికి సంబంధించినది. బ్రకోలీలో సల్ఫొరాఫేన్ సిద్ధంగా ఉండదు. కోసినప్పుడో నమిలినప్పుడో మైరోసినేజ్ అనే ఎంజైమ్, అందులో ఉండే గ్లూకొరఫానిన్ అనే పదార్థాన్ని సల్ఫొరాఫేన్‌గా మారుస్తుంది. బాగా ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆవాల్లోనూ ఈ ఎంజైమ్ ఉంది, పైగా అది వేడిని కొంత ఎక్కువగా తట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లో 2018లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, ఉడికించిన 200 గ్రాముల బ్రకోలీ మీద ఒక గ్రాము ఆవపిండి చల్లి తిన్నప్పుడు, ఒంట్లోకి చేరిన సల్ఫొరాఫేన్‌కు గుర్తుగా మూత్రంలో కనిపించే పదార్థం నాలుగు రెట్లకు పైగా పెరిగింది.

మన ఆవ పెట్టిన కూరలో జరిగేది దాదాపు ఇదే. పొయ్యి దించాక, కూర కాస్త చల్లారాక, పచ్చి ఆవాలు నూరిన ముద్ద కలుపుతాం. ముక్కుకు ఎక్కే ఆ ఘాటు ఎంజైమ్ పని చేసిందనడానికి గుర్తు. తాలింపులో చిటపటలాడిన ఆవాల్లో ఆ ఎంజైమ్ మిగలదు. అయితే క్యాబేజీలో గ్లూకొరఫానిన్ బ్రకోలీలో ఉన్నంత ఉండదు, దాని నుంచి ఎక్కువగా వచ్చేవి అదే కుటుంబానికి చెందిన వేరే పదార్థాలు. పైగా ఒంట్లోకి ఎక్కువ చేరిందన్నంత మాత్రాన క్యాన్సర్ తగ్గిందని కాదు. ఆవ పెట్టిన కూరను రుచి కోసం తినవచ్చు.

పీచు పదార్థం గురించి అంతగా చెబుతారెందుకు?

ఈ మొత్తం చర్చలో ఆహారం వైపు నుంచి గట్టి ఆధారం ఉన్నవాటిలో ఇది ముందుంటుంది. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పీచు ఎక్కువగా తినే అక్కడి గ్రామీణుల్లో పెద్దపేగు వ్యాధులు అరుదని 1970ల్లో ప్రచారంలోకి తెచ్చారు. మనకు అరగని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్‌ను తయారు చేస్తుంది. పేగుగోడలోని ఆరోగ్యవంతమైన కణాలకు అదే ప్రధాన ఇంధనం. అదే బ్యూటిరేట్ క్యాన్సర్ కణాల్లో, వాటికి ఇంధనాన్ని వాడుకునే తీరు వేరు కావడం వల్ల, పోగుపడి వాటి విభజనను అడ్డుకుంటుంది. సీసాలో కొనకుండా, అవసరమైన చోటే తయారయ్యే పదార్థం ఇది.

ఇక్కడ కూడా నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అమెరికాలో 2000లో వెలువడిన రెండు పెద్ద ట్రయల్స్‌లో, మూడు నాలుగేళ్ల పాటు పీచు పెంచినా పాలిప్‌లు మళ్లీ రావడం తగ్గలేదు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లు పట్టవచ్చు గనుక ఆ వ్యవధి చాలలేదన్నది ఒక వివరణ. దీర్ఘకాలం పాటు లక్షలాది మందిని గమనించిన అధ్యయనాలు మాత్రం పీచు, ముడి ధాన్యాలు ఎక్కువగా తినేవారిలో ఈ క్యాన్సర్ తక్కువని చెబుతున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం, వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపు, జొన్నల్లో పది, రాగుల్లో పదకొండు, కందిపప్పులో తొమ్మిది గ్రాముల చొప్పున ఉంటుంది. రెండు పూటలా తెల్లన్నమే తినే ఇంట్లో ఒక పూట జొన్నరొట్టెకో సంకటికో మారడం ఏ మాత్రల సీసా కంటే మెరుగైన నిర్ణయమని నా అభిప్రాయం. పాలు, పెరుగుల్లోని కాల్షియం విషయంలోనూ ఆధారం బాగానే ఉంది. అయిదు లక్షల మందికి పైగా బ్రిటన్ మహిళల మీద 2025లో వచ్చిన అధ్యయనంలో, రోజుకు అదనంగా 300 మిల్లీగ్రాముల కాల్షియం, అంటే ఒక పెద్ద గ్లాసు పాలలో ఉండేంత, తీసుకునేవారిలో ముప్పు 17 శాతం తక్కువగా కనిపించింది.

కీమో జరుగుతోంది. పసుపు మాత్రలు గాని, ఇతర సారాలు గాని తీసుకోవచ్చా?

మీ ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ వైద్యుడికి) చెప్పకుండా వద్దు. పైపెరిన్ మందులను విడగొట్టే కాలేయ ఎంజైములను అడ్డుకోగలదు, దాంతో ఇతర మందుల మోతాదు ఒంట్లో అనుకోకుండా పెరగవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారికి కర్క్యుమిన్ వల్ల రక్తస్రావం ముప్పు ఉంది. కేప్‌సైటబీన్ అనే కీమో మాత్రలు వాడుతున్నవారు బలానికని సొంతంగా ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే విరేచనాలు, నోటిపూత వంటి దుష్ప్రభావాలు తీవ్రమవుతాయి. లెస్టర్‌లోనే 28 మంది రోగులతో జరిగి 2019లో వెలువడిన ఒక ట్రయల్‌లో, వారిలో కొందరికి కీమోతో పాటు రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్‌ను వైద్యుల పర్యవేక్షణలో సురక్షితంగానే ఇవ్వగలిగారు. అంత చిన్న ట్రయల్ ప్రయోజనాన్ని తేల్చలేదు. వంటలో వేసే పసుపు, మిరియాలు, అల్లం మానేయనవసరం లేదు.

మొక్కల నుంచి పెద్దపేగు క్యాన్సర్‌కు నిజమైన మందు ఏదీ రాలేదా?

వచ్చింది. చైనాకు చెందిన ఒక చెట్టు నుంచి అమెరికన్ శాస్త్రవేత్తలు వాల్, వాని 1966లో వెలికితీసిన క్యాంప్టోథెసిన్‌ను రసాయనికంగా మార్చి చేసినదే ఇరినోటెకన్. అది నేడు ఈ క్యాన్సర్‌కు ప్రధాన మందుల్లో ఒకటి. మన పశ్చిమ కనుమల్లోని ఒక చెట్టులో కూడా క్యాంప్టోథెసిన్ దొరుకుతుంది. ఆ చెట్టు బెరడు కషాయం తాగమని ఏ వైద్యుడూ చెప్పడు, ఎందుకంటే మూల పదార్థం విషపూరితం. దాన్ని శుద్ధి చేసి, అణువును మార్చి, మోతాదు నిర్ణయించి, ట్రయల్స్ దాటించడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

మలంలో రక్తం కనిపిస్తోంది. కొన్నాళ్లు ఆహారం మార్చి చూడవచ్చా?

చూడవద్దు. మొలలే అనుకుని నెలల తరబడి నాటుమందులతో, పథ్యాలతో గడిపేశాక వచ్చే రోగులు మన ఆసుపత్రుల్లో తక్కువేమీ కాదు. మలంలో రక్తం, మలవిసర్జన అలవాటులో కొన్ని వారాలుగా మార్పు, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం వంటివి ఉంటే కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అవసరమో కాదో వైద్యుడు నిర్ణయించాలి. కుటుంబంలో తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే లక్షణాలు లేకపోయినా అడగాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి అక్కడి మార్గదర్శకాల ప్రకారం 45 ఏళ్ల నుంచే సాధారణ పరీక్షలు మొదలవుతాయి. కొలనోస్కోపీలో పాలిప్ కనిపిస్తే చాలావరకు అప్పటికప్పుడే తీసేస్తారు. పసుపు మాత్రలు, ఇతర సారాలు ఏవైనా వాడుతుంటే ఆ సీసాను వెంట తీసుకువెళ్లి పరీక్షకు ముందే వైద్యుడికి చూపించాలి. వాటిని ఎన్ని రోజుల ముందు ఆపాలో ఆయన చెబుతారు.